నొప్పి గడిలో సున్నా

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా ఎమర్జెన్సీలో పనిచేసే అందరికీ తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి వారం తిరక్కుండా తెలుస్తుంది. పేరు రూబీ. పద్నాలుగేళ్ళుగా నర్సుని. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే హైవే పక్కన పేట వర్తకులు కొందరు కలిసి పెట్టిన ట్రస్టు ఆసుపత్రి మాది. ఈ కథలో తప్పెవరిదని మీరు వెతుక్కోనక్కర్లేదు, నాదే. కాకపోతే ఏం చేస్తే ఆ తప్పు జరక్కుండా ఉండేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

రెండేళ్ళ కిందటిదాకా మా దగ్గర వరస అంటూ ఏమీ లేదు. ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ళు ముందు. ఎవరి కోసం ఫోన్ వస్తే వాళ్ళు ఇంకా ముందు. ఒకరోజు క్వారీలో రాయి పడి పాదం నుజ్జయిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, ట్రస్టు కార్యదర్శి కుటుంబరావుగారి బావమరిదికి తెగిన వేలికి కుట్లు వేశారు. ఆ పాదం నుంచి కారిన రక్తం తుడిచింది నేనే. తుడిచి, నేరుగా ట్రస్టు మీటింగుకి వెళ్ళి అరిచాను.

"ఇక్కడ వైద్యం జబ్బుని బట్టి కాదండీ, ఇంటిపేరుని బట్టి!"

కుటుంబరావుగారు ఎప్పుడూ గొంతు పెంచరు. "మరి మీ సంఘంవాళ్ళొస్తే నువ్వు వెనక గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళట్లేదా అమ్మా?" అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. తీసుకెళ్ళేదాన్ని మరి. మందిరంలో నా పక్కన కూర్చుని పాడే మనిషి జ్వరంతో వస్తే బయట బల్ల మీద ఎలా కూర్చోబెడతాను? అప్పటిదాకా అది తప్పని నాకు తట్టనే లేదు. ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం తినలేదు. పొగరున్నవాళ్ళకి ఉండే ఇబ్బందే ఇది, ఎదుటివాడి మాటలో నిజముంటే అరిగి చావదు.

ఆ తర్వాత నెలకి ఓంకార్ వచ్చాడు. విజయవాడ నుంచి ట్రస్టువాళ్ళు తెచ్చుకున్న క్వాలిటీ ఆఫీసరు. మొదటి వారమంతా ఫోన్లో గడియారం పెట్టుకుని గేటు దగ్గర్నుంచి ఒక్కో రోగి వెనకాలే నడిచాడు. ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు, ఎన్ని నిమిషాలు ఆగారు, అన్నీ రాసుకున్నాడు. వీడికేం పనీపాటా లేదా అనుకున్నాం. వారం తర్వాత చూపిస్తే మాకే సిగ్గేసింది. ఈసీజీ మిషను వెనక గదిలో ఉండేది, ఆ గది తాళం ఒక్క సిస్టరు దగ్గరే ఉండేది, ఆమె భోజనానికి వెళ్తే తాళమూ వెళ్ళేది. దాన్ని తెచ్చి గుమ్మం పక్కన పెట్టించాడు. నేల మీద రంగు టేపులు అతికించాడు. గుమ్మంలోనే ఒక బల్ల వేయించి, వచ్చినవాళ్ళలో ఎవరు ముందో అక్కడే తేల్చమన్నాడు. దాన్ని ట్రయాజ్ అంటారు. చేతికి ఎర్ర రిబ్బను కడితే డాక్టరు అప్పటికప్పుడు చూడాలి. పసుపుకి అరగంట, ఆకుపచ్చకి గంట.

రంగు ఎలా వెయ్యాలన్నదే పెద్ద తగువైంది. చివరికి ఒక కాగితం తయారైంది. మిషన్లు చూపించిన అంకెలు ఒక గడిలో, రోగి తన నోటితో చెప్పిన బాధ ఒక గడిలో, ఆ నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో ఇంకో గడిలో. మూడూ కలిపి చూస్తే రంగు తేలుతుంది. నర్సుకి తోచింది రాయడానికి గడి లేదు. వద్దన్నది నేనే.

"తోచింది రాయనిస్తే మళ్ళీ బావమరుదులే ముందు" అన్నాను.

గోడ మీద పెద్దక్షరాలతో ఉన్న వాక్యం కూడా నాదే. 'మొహం చూడొద్దు, కాగితం చూడు.' ఓంకార్ దాన్ని ప్రింటు తీయించి అద్దం కట్టించాడు.

పని చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. పురుగుమందు తాగినవాళ్ళు, లారీ గుద్దినవాళ్ళు, తేలు కుట్టిన పిల్లలు ఎంతమంది బతికి ఇంటికెళ్ళారో నేను కళ్ళారా చూశాను. కుటుంబరావుగారి సొంత అన్నయ్యే ఆకుపచ్చ రిబ్బను కట్టించుకుని యాభై నిమిషాలు కూర్చున్నారు. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక ఆరోగ్యమ్మ సంగతి.

వత్సవాయి దగ్గర మా ఊరే ఆమెది కూడా. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొగుడు పోయాక పత్తి చేలల్లో, మిరప చేలల్లో కూలి చేసి కూతురు జాయిస్‌ని చదివించింది. జాయిస్ ఇప్పుడు పేటలో ప్రైవేటు బడిలో టీచరు. నేను నర్సింగు చదివే రోజుల్లో నా పరీక్షలు అయ్యేదాకా ఒంటిపూట ఉపవాసం ఉండి ప్రార్థన చేసిన మనిషి ఆరోగ్యమ్మ. మా అమ్మ కూడా అంత చెయ్యలేదు.

పోయిన నవంబరులో ఒక ఆదివారం మందిరంలో ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. "వారం నుంచి గుండెల మీద రోలు పెట్టినట్టుగా ఉండేదమ్మా. శుక్రవారం ప్రార్థనలో ప్రభువు ముట్టాడు. ఇప్పుడు నాకేమీ లేదు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అంటూనే లోపల నర్సు బుద్ధి పీకింది. ఆరాధన అయ్యాక పట్టుకున్నాను.

"పెద్దమ్మా, రేపొకసారి ఆసుపత్రికి రా. ఈసీజీ తీద్దాం."

"విశ్వాసం లేనిదానా!" అని నవ్వి నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

మా ఆడవాళ్ళకి ఒక పట్టింపుంది. స్వస్థత పొందానని నలుగురిలో సాక్ష్యం చెప్పాక, మళ్ళీ నొప్పి ఉందని నోటితో ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే పొందింది పోతుందంటారు. ఇది పాస్టరుగారు చెప్పింది కాదు. ఆయన బైబిలు సంచిలోనే బీపీ బిళ్ళలుంటాయి. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, మా అమ్మమ్మల కాలం నుంచి అలా నడుస్తోంది.

మంగళవారం పొద్దున పదీ ఇరవైకి జాయిస్ స్కూటీ మీద తల్లిని తీసుకొచ్చింది. "పొద్దున వాంతి చేసుకుందక్కా, రానంటే బలవంతంగా తెచ్చా" అని నాకు అప్పజెప్పి చీటీ రాయించడానికి కౌంటరు దగ్గరికి పరిగెత్తింది. ఆ సమయానికే మా పద్ధతి చూడడానికి వేరే ఆసుపత్రి నుంచి ముగ్గురు వచ్చారు. కుటుంబరావుగారు, ఓంకార్ వాళ్ళని వెంటబెట్టుకుని సరిగ్గా నా బల్ల పక్కనే నిలబడ్డారు.

ఆరోగ్యమ్మ కుర్చీలో కూర్చుంది. మొహం మీద చెమట. బీపీ చూశాను, నాడి చూశాను, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశాను. నాడి కాస్త వేగంగా ఉంది, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఏం బాధ పెద్దమ్మా?"

"ఏం లేదే. పత్తి తీసి తీసి జబ్బలు లాగుతున్నాయి. కాస్త గ్యాసు. ఆ పిల్లకి తొందరెక్కువ."

"వాంతి అయిందంట కదా?"

"రాత్రి పులిసిన అట్టు తిన్నా."

"గుండెల్లో ఏమైనా ఉందా?"

నా కళ్ళలోకి చూసింది. "ఆదివారం విన్నావు కదే" అంది.

"విన్నా. ఇప్పుడు అడుగుతున్నా."

"లేదు."

పక్కన నిలబడ్డ ఆ ముగ్గురిలో ఒకాయన తన పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. నేను నొప్పి బొమ్మల అట్ట ముందు పెట్టాను. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా వరసగా ఉంటాయి, కింద అంకెలు. "పదికి ఎంత? నిజం చెప్పు, నీకు దణ్ణం పెడతా."

"సున్నా రాయి. అంతకంటే తక్కువుంటే అదే రాయి."

"పెద్దమ్మా!"

"నా చేత అబద్ధం చెప్పిస్తావా ఏంటి, నలుగురిలో?" అని గట్టిగానే అంది. కుటుంబరావుగారు ఇటు చూశారు.

గుండెల్లో నొప్పి అని ఆమె ఒక్క మాటంటే చాలు, అంకెలతో పనిలేకుండా ఎర్ర రిబ్బను, అయిదు నిమిషాల్లో ఈసీజీ. ఆ మాట నాకు తెలుసు. రెండు రోజుల కిందట నా చెవులతో విన్నాను. కానీ అది ఆసుపత్రి గుమ్మంలో అన్న మాట కాదు, మందిరంలో దేవుడి ముందు పోయిందని చెప్పిన మాట. దాన్ని నేను ఉందని రాస్తే ఆమె సాక్ష్యం అబద్ధమని నా చేత్తో రాసినట్టు. పైగా కుటుంబరావుగారు ఏమంటారో ముందే వినిపించింది, చూశారా, మళ్ళీ సంఘంవాళ్ళు. గోడ మీద అద్దంలో నా వాక్యం నన్నే చూస్తోంది. ఇవన్నీ ఆలోచించడానికి నాకు పట్టింది ఊపిరి పీల్చుకునేంత సేపు.

సున్నా రాశాను. ఆకుపచ్చ రిబ్బను కట్టాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. అది కూడా నాకు తెలిసింది. దానికీ గడి లేదు.

"చాలా కచ్చితంగా చేస్తున్నారండీ" అన్నాడు పుస్తకం ఆయన. ఆ పొగడ్తకి నేను నవ్వాను కూడా.

ఒకటి రెండుసార్లు అటు చూశాను. ఆరోగ్యమ్మ జాయిస్ పక్కన కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నేను చూస్తే చెయ్యూపింది. ఇంతలో పురుగుమందు తాగిన మనిషిని ఆటోలో తెచ్చారు. ఎర్ర రిబ్బను. అందరం అటు పోయాం. కడుపు కడిగే గొట్టం వేస్తుండగా జాయిస్ కేక వినిపించింది.

ఆరోగ్యమ్మ కుర్చీలోంచి పక్కకి జారిపోయి ఉంది. మొహం పాలిపోయింది. నేనూ ఇంకో సిస్టరూ ఎత్తి మంచమ్మీద వేశాం. గుమ్మం పక్కనే ఉన్న ఈసీజీ మిషను నిమిషంలో పెట్టాం. అంత తొందరగా దొరకడానికే కదా దాన్ని అక్కడ పెట్టించింది. డాక్టర్ కృష్ణప్రియ ఈసీజీ గీతలు చూసి, "ఈ గుండెపోటు ఇవాళ్టిది కాదు సిస్టర్. కొన్ని రోజుల నుంచీ నడుస్తోంది. ఈవిడ నొప్పని చెప్పలేదా?" అంది.

"లేదండీ" అన్నాను.

చెయ్యగలిగింది చేసింది కృష్ణప్రియ. ఇక్కడ కుదరదు, వెంటనే విజయవాడ తీసుకెళ్ళమంది. అంబులెన్సులో నేను వెళ్తానన్నాను. జాయిస్ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక నేనూ ఆరోగ్యమ్మా. ఆమె ఎడం చెయ్యి నా చేతుల్లో ఉంది, ఆకుపచ్చ రిబ్బను ఇంకా దానికే ఉంది. విప్పబోతే ముడి రాలేదు.

కాస్త తెలివొచ్చి నన్ను చూసింది. నేను వంగి చెవి దగ్గర అడిగాను. "ఇక్కడెవరూ లేరు పెద్దమ్మా. ఇప్పుడు చెప్పు. ఎంత?"

ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగింది. "పది."

"పొద్దున్నించా?"

"శుక్రవారం నించి."

"మరి ఆదివారం ఎందుకే అలా చెప్పావు?" ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది నాకు. చచ్చిపోతున్న మనిషి మీద కోప్పడ్డాను.

"చెప్తే తగ్గుద్దనుకున్నా" అంది. కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. "జాయిస్‌తో అనమాకు. దాని విశ్వాసం పోద్ది. సంఘంలో ఎవ్వరితో అనమాకు. మాటియ్యి."

ఇచ్చాను. ఆ క్షణంలో ఇవ్వనని ఎవరంటారు? నా పరీక్షలకి పస్తులున్న మనిషి.

నందిగామ దాటకముందే పోయింది. గుండె మీద నేను అదుముతూనే ఉన్నాను, డ్రైవరు సైరన్ ఆపలేదు. విజయవాడలో డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి ఆపేదాకా అదుముతూనే ఉన్నాను.

శనివారం మీటింగు పెట్టారు. చావు జరిగితే కాగితాలు ముందేసుకుని ఎక్కడ ఏ అడుగు తప్పిందో చూడడం ఓంకార్ తెచ్చిన పద్ధతే. తెర మీద ఆరోగ్యమ్మ కాగితం వేశాడు. పదీ ఇరవైకి రాక. ముప్పై ఎనిమిది నిమిషాలకి డాక్టరు. ఆకుపచ్చకి గడువు గంట. అన్ని అడుగులూ గడువు లోపలే ఉన్నాయి.

ఓంకార్ చెడ్డవాడు కాదు. అందరూ వెళ్ళాక నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అన్నీ సరిగ్గా జరిగి మనిషి పోయిందంటే మన కాగితంలోనే ఏదో లోపం ఉందన్నమాట మేడమ్. అలాంటి నొప్పి పెట్టుకుని ఆవిడ సున్నా ఎందుకన్నారు? మీకేమైనా తెలుసా? తెలిస్తే ప్రశ్న మారుద్దాం. ఇంకో పదిమందికి ఉపయోగపడుద్ది" అన్నాడు.

నాలిక చివరిదాకా వచ్చింది. సాక్ష్యం గురించి చెప్పొచ్చు. తోచింది రాసే గడి ఒకటి పెట్టమని, వద్దన్న నేనే అడగొచ్చు. పెడితే ఎందుకని అడుగుతారు, చెప్తే సోమవారానికల్లా ఊరంతా పాకుతుంది, మంగళవారానికి జాయిస్ చెవిన పడుతుంది. పేటలో ఏ మాటా ఆసుపత్రి గోడల మధ్య ఆగదు.

"ఆవిడ చెప్పిందే రాసా" అన్నాను.

ఓంకార్ కాగితం మీద టిక్కు పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర కుటుంబరావుగారు నాకోసం ఆగి ఉన్నారు. "నీవాళ్ళయినా వరస తప్పలేదమ్మా నువ్వు. ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నారు. నిజాయితీగానే అన్నారు. రెండేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను నేను. అది వచ్చిన రోజు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

ఆదివారం మందిరంలో ఆరోగ్యమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. దానికి ముందు రోజే జాయిస్ ఫోన్ చేసి ఆ కాగితం జెరాక్సు అడిగింది. బీమాకేమో అనుకుని ఇచ్చాను. మందిరం నిండా జనం. జాయిస్ తెల్లచీరలో లేచి నిలబడింది. చేతిలో ఆ కాగితం.

"మా అమ్మ చాలా బాధపడి పోయిందని కొంతమంది అంటున్నారు. గుండెజబ్బు కదా, ఎంత నరకం చూసిందో అంటున్నారు. అమ్మ చివరి రోజున ఆసుపత్రివాళ్ళు రాసింది చూడండి. నొప్పి, సున్నా. ఆదివారం అమ్మ చెప్పిన సాక్ష్యం నిజం. ప్రభువు నొప్పి తీసేసాకే తీసుకెళ్ళాడు." నా వైపు తిరిగింది. "రాసింది రూబీ అక్కే. చివరిదాకా అమ్మ దగ్గరున్నది కూడా అక్కే. నువ్వు చెప్పక్కా. అమ్మకి నొప్పి లేదు కదా?"

అందరూ నా వైపు చూశారు. జాయిస్ కళ్ళ కింద నల్లగా ఉంది, వారంగా నిద్ర లేదు. నేనేం చెప్పినా దాంతోనే ఆ పిల్ల ఇక ముందు రోజులన్నీ గడపాలి.

లేచాను. "లేదు" అన్నాను. "సున్నా."

స్తోత్రం అని మందిరమంతా ఒక్కసారి అంది. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. జాయిస్ వచ్చి నన్ను కావలించుకుంది. వారంలో మొదటిసారి ఆ పిల్ల ఒళ్ళు వదులైంది. నేను మంచిపని చేశాననే అనుకున్నాను.

పది రోజులు గడిచాయి. బుధవారం పొద్దున పదకొండుకి లూర్దమ్మ వచ్చింది. మా మందిరంలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఒక్కతే ఆటో దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా ముందు కుర్చీలో కూర్చుంది. దవడ బిగించి ఉంది. కుడిచెయ్యి ఎడం రొమ్ము కింద అదుముకుని ఉంది.

పేరు రాశాను, వయసు రాశాను. "ఎంత నొప్పి లూర్దమ్మత్తా?" అని అడిగాను.

"సున్నా రాయమ్మా" అంది. "ఆరోగ్యమ్మకి రాసావే, అట్టాగే."

పెన్ను కింద పడేసి ఎర్ర రిబ్బను తీశాను. గడీ లేదు, రంగూ లేదు, ఎవరేమన్నా సరే. ఆమె చెయ్యి పట్టుకోబోతే చటుక్కున పైట కిందికి లాక్కుంది.

"ఎర్రది నాకెందుకు? నాకేం లేదంటున్నాగా!"

"అత్తా, విను." నేను కుర్చీ దిగి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇచ్చిన మాట అక్కడే తప్పాను. "ఆరోగ్యమ్మకి సున్నా కాదు. పది. అంబులెన్సులో నాతో చెప్పింది. శుక్రవారం నించీ పదే. చెప్పకే చచ్చిపోయింది."

లూర్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"మందిరంలో నిలబడి సున్నా అన్నది నువ్వే కదే" అంది. "చచ్చినదాని సాక్ష్యం మీద అబద్ధం చెప్తావా? ఆ తల్లి నీకోసం ఉపవాసాలుంది. సిగ్గులేదూ?"

"అత్తా, అయిదు నిమిషాలు. ఒక్క ఈసీజీ."

"నీ దగ్గర నేను చూపించుకోను" అని లేచింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. కృష్ణప్రియని కేకేశాను, బయటికొచ్చి ఆమె కూడా బతిమాలింది. వద్దంటున్న మనిషిని బలవంతంగా పడుకోబెట్టే హక్కు మాకు లేదు. లూర్దమ్మ గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, వెళ్ళి ఆటో ఎక్కింది. ఆటో వత్సవాయి వైపు తిరిగింది.

పాస్టరుగారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. జాయిస్‌కి చేద్దామని పేరు దాకా వెళ్ళి, ఏం చెప్పాలో తెలియక ఫోన్ పక్కన పెట్టాను. బల్ల మీద లూర్దమ్మ కాగితం అలాగే ఉంది. పేరుంది, వయసుంది, నొప్పి గడి ఖాళీగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు, ఇంకెంతసేపమ్మా అని అడుగుతున్నారు.